జీపీఎల్ లైబ్రరీకి రెండో లైసెన్సు: నా అనుభవం

సెప్టెంబరు 2023లో ఒక కంపెనీ నుంచి మూడు వాక్యాల ఈమెయిల్ వచ్చింది. దాని తాలూకు డబ్బు నా ఖాతాలో పడేసరికి 2025 జనవరి అయింది. ఆ మధ్యకాలంలో నేను రాసిన కోడు కంటే రాసిన ఉత్తరాలే ఎక్కువ. ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడు అందరికీ తెరిచి, ఇచ్చిన పనిని అమ్మకానికి కూడా పెట్టాలనుకునే మిత్రులు ఎంత కాలం పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అని అడుగుతున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా లైబ్రరీ, అంటే ఇతర ప్రోగ్రాములు తమలో కలుపుకుని వాడుకునే కోడు, పీడీఎఫ్ ఫైళ్లలోని పట్టికలను బయటికి తీస్తుంది. వినడానికి చిన్న పనే. కానీ చాలా పీడీఎఫ్‌ల లోపల పట్టిక అన్నదే ఉండదు. ఈ అక్షరాన్ని పేజీలో ఇక్కడ ఉంచు, ఆ అక్షరాన్ని అక్కడ ఉంచు అన్న ఆదేశాలు మాత్రమే ఉంటాయి. గీతలు గీసి ఉంటే కొంత నయం. గీతలు లేనిచోట ఏ అంకె ఏ నిలువు వరుసకు చెందుతుందో మధ్య ఖాళీలను బట్టి ఊహించాలి. 2011లో సొంత అవసరానికి మొదలుపెట్టి, జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు మూడో వెర్షన్ కింద బయటపెట్టాను. ఆ లైసెన్సును ఎంచుకున్నది అందులోని న్యాయం నచ్చి. నా కోడు వాడుకో, మార్చుకో, అమ్ముకున్నా సరే. కానీ దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు నీకు దొరికిన స్వేచ్ఛను వాళ్లకూ ఇవ్వు.

ఆ తర్వాతి పన్నెండేళ్లూ బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత. బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు చదివే సేవలు నడిపే కంపెనీలు దాన్ని తమ సర్వర్ల మీద వాడుతున్నాయని నాకు తెలుసు. వాళ్ల ఉద్యోగులు తప్పులు నివేదిస్తూ, తమ కంపెనీ ఫోల్డర్ల పేర్లు కూడా చెరపకుండా పంపేవారు. మా పని మొత్తం ఆగిపోయింది, ఈరోజే సరిచేయండి అని శుక్రవారం సాయంత్రం రాసినవారూ ఉన్నారు. జీపీఎల్ ప్రకారం వాళ్లు నాకు పైసా బాకీ లేరు. ప్రోగ్రామును ఇతరుల చేతికి ఇస్తేనే షరతులు వర్తిస్తాయి, సొంత సర్వరులో నడుపుకుంటే వర్తించవు. ఆ సందు మూయడానికి, సర్వరులో నడిపినా సోర్స్ ఇవ్వాలనే ఏజీపీఎల్ 2007లోనే వచ్చింది. నాకు అంత గట్టిగా బిగించాలని అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

ఈమెయిల్ రాసిన కంపెనీ పరిస్థితి వేరు. వాళ్లు ఆడిటర్ల కోసం చేసే ప్రోగ్రాము కొనుగోలుదారుల కంప్యూటర్లలో ఇన్‌స్టాల్ అవుతుంది. అందులో నా లైబ్రరీ కలిపితే వాళ్ల కోడు కూడా జీపీఎల్ కింద ఇవ్వవలసి వస్తుంది. వాళ్ల ఇంజనీరుకు లైబ్రరీ నచ్చింది, న్యాయ విభాగం వద్దంది. అందుకే అడిగారు: వాణిజ్య లైసెన్సు విడిగా ఇస్తారా, ఏడాదికి ఎంత? ఏమీ బాకీ లేనివాళ్లు గదమాయించి పని చేయించుకుంటుంటే, లైసెన్సును చదివి గౌరవించినవాళ్లు డబ్బు పట్టుకుని వచ్చారు. నేను అదే లైబ్రరీని, షరతులు దాదాపు లేని ఎంఐటీ లైసెన్సు కింద ఇచ్చి ఉంటే ఆ ఉత్తరం వచ్చేదే కాదు. ఆదర్శం వల్ల డబ్బు రాదనే మాట చాలాసార్లు విన్నాను. నాకు ఆ మొదటి బేరం వచ్చింది ఆదర్శపు షరతు వల్లే.

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, సంతోషంతోనే. ఇవ్వగలనేమో కనుక్కుని చెబుతానని జవాబు రాశాను.

ఇవ్వగలనా అన్నది అసలు ప్రశ్న. జీపీఎల్ కింద ఉన్నదాన్ని వేరే లైసెన్సు కింద కూడా ఇవ్వాలంటే కాపీరైట్ ఉన్నవారందరూ ఒప్పుకోవాలి. ప్యాచ్‌లు, అంటే కోడుకు సవరణలు, పంపినవాళ్లెవరూ నాకు హక్కులు రాసివ్వలేదు, నేనూ అడగలేదు. పెద్ద కంపెనీల ప్రాజెక్టులు మొదటి ప్యాచ్‌కు ముందే ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టిస్తాయి. ఒక అక్షరదోషం సరిచేద్దామని వచ్చిన మనిషి చేతికి న్యాయపత్రం ఇవ్వడం నాకు నచ్చదు, ఇంత జరిగాక కూడా నచ్చదు. కానీ దాని ఫలితం ఏమిటంటే, నా లైబ్రరీ అని నేను పిలుచుకునేది చట్టం దృష్టిలో నలభై మందికి పైగా మనుషులది.

ఎవరెవరిదో తేల్చడానికే దాదాపు నెల పట్టింది. కోడులో మార్పుల చరిత్రను దాచే గిట్‌ను అడిగితే కమిట్ చేసినవారి, అంటే కోడు చేర్చినవారి, జాబితా క్షణంలో ఇస్తుంది, కానీ ఆ జాబితాను నమ్మడానికి లేదు. ఒకే మనిషి ఇంటి చిరునామాతో ఒకసారి, ఆఫీసు చిరునామాతో ఒకసారి కనిపిస్తాడు. అంతకంటే చిక్కు, మొదటి రెండేళ్లు అలాంటిదే సబ్‌వెర్షన్ అనే పాత సాధనంలో ఉండేవాళ్లం. అప్పట్లో ఎవరు ఈమెయిల్‌లో ప్యాచ్ పంపినా నేనే నా పేరున చేర్చి, కింద వారికి ధన్యవాదాలు అని రాసేవాణ్ణి. గిట్‌కు మారాక ఆ కోడు వరుసలన్నీ నావిగానే కనిపిస్తున్నాయి. ఆ ధన్యవాదాలను ఒక్కొక్కటిగా చదువుకుంటూ పాత ఈమెయిళ్లతో పోల్చి అసలు రచయితలను వెతికాను. విసుగు పుట్టించే పనే. అయినా, మరిచిపోయిన మనుషులు ఒక్కొక్కరే గుర్తుకొస్తుంటే రాత్రుళ్లు కూర్చుని చేసినా బరువనిపించలేదు. అక్షరదోషాలు, ఒక అంకె మార్పు లాంటివి సరిచేసినవారి అనుమతి అవసరం లేదని లాయరు చెప్పారు, సృజన లేనిచోట కాపీరైట్ ఉండదు కాబట్టి. దాంతో జాబితా సగానికి దగ్గరగా తగ్గింది.

లాయరు గురించి ఒక మాట. గంటకు ఇంత అని తీసుకుంటారు. మొదటి గంటలో సగం జీపీఎల్ ఎలా పనిచేస్తుందో నేను ఆయనకు వివరించడానికే పోయింది. ఆ అరగంటకూ రుసుము నేనే కట్టాను.

ఆయన తయారుచేసిన అనుమతి పత్రం రెండు పేజీలు. అక్టోబరులో కొందరికి పంపి చూశాను. పదేళ్లుగా చనువుగా రాసుకునేవాళ్లు కూడా కిమ్మనలేదు. ఒకాయన మాత్రం, మీ ప్రాజెక్టును ఎవరైనా కొనేశారా అని కంగారుగా అడిగారు. నేనే కూర్చుని ఆ ఉత్తరాన్ని మామూలు మాటల్లో తిరగరాశాను: లైబ్రరీ జీపీఎల్ కింద ఎప్పటికీ ఉంటుంది, దానికి అదనంగా వాణిజ్య లైసెన్సు అమ్మాలనుకుంటున్నాను, మీ హక్కులు మీవే, నాకు అనుమతి మాత్రం కావాలి, వచ్చినదాంట్లో భాగం ఇస్తాను. దాని కింద ఒక పేజీ పత్రం, సంతకం చేసి స్కాన్ పంపితే చాలు. ఈసారి వారం తిరిగేలోగా సగం మంది సంతకాలు పంపారు. లాయరు పెదవి విరిచారు కానీ ఆ పేజీ చెల్లుతుందని ఒప్పుకున్నారు.

మిగతా సగానికి చలికాలం మొత్తం పట్టింది. విశ్వవిద్యాలయాల చిరునామాలు చాలావరకు చదువు ముగిసిన కొంతకాలానికి చచ్చిపోతాయి. కొందరు కోడు హోస్టింగ్ సైటు ఇచ్చే, ఉత్తరం రాసినా చేరని చిరునామాతోనే కమిట్ చేశారు. ఒకామెను ఆమె పరిశోధనా పత్రం చివర దొరికిన చిరునామా ద్వారా పట్టుకున్నాను. అసలు ఆ ప్యాచ్ పంపినట్టే గుర్తులేదు ఆమెకు, అయినా నవ్వుతూ సంతకం చేశారు. ఇంకొకరు తాను ఆఫీసు పనివేళల్లో రాశాను కాబట్టి హక్కు తన యజమానిదని నిజాయితీగా చెప్పారు. ఆ కంపెనీ న్యాయ విభాగం నుంచి మూడు నెలలకు పైగా ఉలుకూ పలుకూ లేదు. చివరికి అభ్యంతరం లేదని ఒక్క వాక్యం వచ్చింది. ఆ ఒక్క వాక్యం కోసం నేను గుర్తుచేస్తూ పంపిన ఉత్తరాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే కదా అని మీకు అనిపించవచ్చు, నాకూ అనిపించింది. ఇంటర్నెట్ సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే లైబ్రరీ వాళ్లు 2017లో లైసెన్సు మార్పు కోసం ఉత్తరాలు పంపుతూ, జవాబు లేకపోతే అభ్యంతరం లేదనుకుంటామని రాసి గట్టి విమర్శలే ఎదుర్కొన్నారు. వాళ్ల కొత్త లైసెన్సుతో 3.0 వెర్షన్ రావడానికి సెప్టెంబరు 2021 దాకా పట్టింది. మౌనాన్ని సంతకంగా లెక్కపెట్టవద్దని నా లాయరు ఖండితంగా చెప్పారు. ఎంతకీ దొరకనివారి వరుసలను నేనే తీసేసి, ఆ పనిని మరో విధంగా చేయించాను.

ఒకరు చనిపోయారు. ఆ సంగతి నాకు తెలియదు, ఆయన భార్య జవాబు రాస్తే తెలిసింది. చాలా దేశాల్లో కాపీరైట్ రచయిత మరణించాక 50 నుంచి 70 ఏళ్లు వారసులకు ఉంటుంది. ఎక్కడ సంతకం చేయాలి అని మాత్రమే అడిగారామె. ఏం రాసి పంపాలో తోచక చాలా రోజులు ఆ ఉత్తరాన్ని తెరిచి మూసి పెట్టాను. చివరికి ఆయన రాసినదేమిటో, ఈ రోజుకీ ఏ పని చేస్తోందో ఒక పేజీ రాసి, పత్రంతో పాటు పంపాను.

ఒక్కరు మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఒక్కరూ గీతలు లేని పట్టికలను గుర్తించే భాగాన్ని 2016లో రాసినవారు, అంటే లైబ్రరీకి ప్రాణం లాంటి భాగం. ఉత్తరం అందిన రోజే మర్యాదగా, పొడుగ్గా జవాబిచ్చారు. ఆ కోడు నీకు ఇవ్వలేదు, జీపీఎల్‌కు ఇచ్చాను అన్నారు. ఆ కంపెనీకి దారి మూసుకుపోలేదు, తమ ప్రోగ్రామును కూడా తెరిస్తే ఇప్పుడే ఉచితంగా వాడుకోవచ్చు; వాళ్లు వంగనక్కర్లేదు, మనం మాత్రమే వంగాలా అని అడిగారు. నాకు కోపం వచ్చింది. పన్నెండేళ్లు రాత్రుళ్లు మేలుకుని తప్పులు సరిచేసింది నేను, ఒక వేసవిలో వచ్చి రాసి వెళ్లిపోయినవారు నాకు నీతి చెప్పడమా అనుకున్నాను. జవాబు రాసి చెరిపి, రాసి చెరిపి, కోపం చల్లారాక చూస్తే ఆయన ప్రశ్నకు నా దగ్గర నిజంగానే జవాబు లేదు. నాకు డబ్బు కావాలి, అంతే. అది తప్పని ఆయనా అనలేదు.

ఉచిత వెర్షన్‌లో మీ భాగం అలాగే ఉంటుంది, అమ్మే వెర్షన్‌కు వేరేది రాయించుకుంటాను అని చెప్పాను. అది నీ హక్కు అన్నారు. అదే ఈమెయిల్‌కు, అంతకు ముందురోజు ఎవరో నివేదించిన తప్పుకు ప్యాచ్ జతచేసి పంపారు.

ఆ భాగాన్ని నేను తిరిగి రాయడానికి వీల్లేదు. ఆయన కోడును ప్యాచ్ వచ్చినప్పుడు వరుస వరుసా చదివి చేర్చింది నేనే, ఇప్పుడు నేనేం రాసినా అందులో ఆయన ఛాయ ఉందనడానికి అవకాశం ఉంటుంది. కాపీరైట్ ఆలోచనకు వర్తించదు, రాసిన తీరుకు వర్తిస్తుంది. అందుకని మా రిపాజిటరీని, అంటే కోడు ఉంచిన చోటును, ఎన్నడూ తెరవని ప్రోగ్రామర్‌ను వెతికి, ఏం కావాలో మాటల్లో రాసిచ్చి, గంటల లెక్కన పని అప్పగించాను. ఆమె మే నుంచి ఆగస్టు దాకా పనిచేశారు. మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద ఖర్చు ఇదే, లాయరు కంటే ఎక్కువ. పరీక్ష ఫైళ్లు కూడా ఆయన చేసినవే, కానీ అవి కంపెనీకి ఇచ్చే సరుకులో ఉండవు కాబట్టి నా కంప్యూటర్‌లో సరిచూసుకోవడానికి పనికొచ్చాయి. కొత్త భాగం పాతదాని కంటే చురుకైనది. అయితే ఒకే శీర్షిక గడి రెండు మూడు నిలువు వరుసల మీదుగా పరుచుకుంటే తడబడుతుంది. పాతది తడబడదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మనుషుల కథ ఇలా నడుస్తుండగా ఇంకో గోడ ఉంది, మొదటి నుంచీ తెలిసిన గోడే. లైబ్రరీ పీడీఎఫ్ చదవడానికి పాప్లర్ అనే ఇంకో లైబ్రరీ మీద ఆధారపడేది. పాప్లర్ ఎక్స్‌పీడీఎఫ్ అనే పాత ప్రోగ్రాము నుంచి పుట్టింది, జీపీఎల్ కింద ఉంటుంది. నా వాళ్లందరూ సంతకం చేసినా పాప్లర్ ఉన్నంతకాలం వాణిజ్య లైసెన్సు కుదరదు. అదే పని చేసే మ్యూపీడీఎఫ్ ఉంది కానీ అది ఏజీపీఎల్ లేదా డబ్బు కట్టి తీసుకునే లైసెన్సు. నేను చేయబోతున్న వ్యాపారమే వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారు. మిగిలింది పీడీఎఫియం. ఫాక్సిట్ కంపెనీ కోడు ఆధారంగా గూగుల్ 2014లో విడుదల చేసింది, షరతులు తక్కువ. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ మార్పిడికే సరిపోయింది. మొదటిసారి నడిపినప్పుడు ప్రతి పట్టికా తలకిందులుగా వచ్చింది, మొత్తాలు చూపే వరుస పైన, శీర్షికలు అడుగున. పాప్లర్ నుంచి నేను తీసుకునే కొలతలు పేజీ పైఅంచు నుంచి మొదలవుతాయి, పీడీఎఫియం ఇచ్చేవి కింది అంచు నుంచి. అది ఒక్క తీసివేతతో సరిపోయింది. తిప్పిన పేజీలు, కత్తిరించిన అంచులు ఉన్న ఫైళ్ల దగ్గర మాత్రం తల ప్రాణం తోకకు వచ్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో బతకాలనుకుని ఒక స్వేచ్ఛా ప్రాజెక్టును వదిలి, మహా కంపెనీ ఉదారంగా ఇచ్చినదాని పంచన చేరడం నాకు రుచించలేదు. చేశాను.

2024 మార్చి మూడో వారంలో రెండో లైసెన్సు సంగతి అందరికీ ప్రకటించాను. ఆ వారంలోనే, మార్చి 20న, రెడిస్ అనే పేరున్న డేటాబేసు తన పాత స్వేచ్ఛా లైసెన్సును వదిలేసింది. అంతకు ముందు ఏడాది ఆగస్టులో హాషికార్ప్, 2021లో ఎలాస్టిక్ అనే కంపెనీలు ఇదే దారి పట్టాయి. వాటి పాత కోడు నుంచి ఓపెన్‌టోఫు, ఓపెన్‌సెర్చ్ అనే వేరు ప్రాజెక్టులు చీలిపోయాయి, రెడిస్ నుంచి కొద్ది రోజుల్లోనే వాల్కీ వచ్చింది. నా ప్రకటన చదివినవారిలో చాలామంది మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. నేనూ అమ్ముడుపోయానన్నారు. జీపీఎల్ ఎక్కడికీ పోలేదు, ఒక్క వరుస కూడా దాచలేదు, అదనంగా ఇంకో తలుపు పెట్టాను అంతే అని ఎంత చెప్పినా వినేవారు తక్కువ. నన్ను అందరికంటే ఘాటుగా తిట్టినవారిలో ఒకరు, శుక్రవారం సాయంత్రాలు నాతో పని చేయించుకున్న కంపెనీ ఉద్యోగి. అప్పుడు మాత్రం నవ్వొచ్చింది.

కంపెనీ వైపు కథ ఏప్రిల్‌లో మొదలైంది. వ్యక్తి పేరున కొనుగోలు ఉత్తర్వు ఇవ్వలేమన్నారు, చిన్న సంస్థ నమోదు చేయించాను. సరఫరాదారు నమోదు పత్రంలో ఉద్యోగులెందరు, అగ్నిప్రమాదం జరిగితే మీ కార్యాలయం ఖాళీ చేయించే ప్రణాళిక ఏమిటి అని అడిగారు. నా కార్యాలయం పడకగదిలో కిటికీ పక్కన ఉంది. తలుపు గుండా బయటికి వెళ్తాను అని రాశాను, ఎవరూ మారు మాట్లాడలేదు.

భద్రతా ప్రశ్నావళి అంత తేలిగ్గా పోలేదు. మార్చి 29న, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ సాధనం సంగతి బయటపడి ఉంది. అలసిపోయిన నిర్వాహకుడికి సాయం చేస్తున్నట్టు చేరి, రెండేళ్లకు పైగా ఓపిగ్గా నమ్మకం సంపాదించిన వ్యక్తి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడకపోతే అది ఎంత దూరం పోయేదో. దాంతో నాకు వచ్చిన ప్రశ్నావళికి అనుబంధం కూడా చేరింది: కోడు చేర్చే అధికారం ఎవరెవరికి ఉంది, వారిని ముఖాముఖి చూశారా, మీకు ఏదైనా అయితే తర్వాత ఎవరు? ఆ చివరి ప్రశ్నను అంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. నేను పేరు రాయగలిగిన మనిషి ఒక్కరే కనిపించారు, సంతకం చేయననన్నాయన. అడిగితే ఒప్పుకున్నారు.

అసలు పేచీ పూచీ దగ్గర. జీపీఎల్ మూడో వెర్షన్‌లో 15, 16 సెక్షన్లు ఏ హామీ లేదు, నష్టానికి బాధ్యత లేదు అంటాయి. కంపెనీ డబ్బు ఇస్తున్నది తమ కోడు తెరవకుండా ఉండడానికే కాదు, ఆ రెండు సెక్షన్లు తీసేయడానికి కూడా. కోడు వాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది, ఎవరైనా దింపుకోవచ్చు. వాళ్లకు కావలసింది తేడా వస్తే పేరు పెట్టి పిలవగల మనిషి. మూడో పక్షం దావా వేస్తే ఖర్చంతా నేనే భరించాలని మొదటి ముసాయిదాలో పరిమితి లేకుండా రాశారు. సంతకం చేసి ఉంటే ఒక్క దావాకు ఇల్లు గుల్లయ్యేది. ఏడాది రుసుముకు మించి బాధ్యత ఉండదనే చోటికి రావడానికి వేసవి గడిచిపోయింది, వృత్తి బాధ్యత బీమా కూడా తీసుకోవలసి వచ్చింది. నేను దుకాణం మూసేస్తే సోర్స్ కోడు దొరకదేమోనని దాన్ని మధ్యవర్తి దగ్గర దాచే షరతు కూడా ఆ ముసాయిదాలో ఉంది. సోర్స్ లోకమంతటికీ తెరిచే ఉందని రాసి ఆ షరతు కొట్టేయించడానికి రెండు వారాలు పట్టింది.

ఇంకో సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ కంపెనీ యూరప్‌లో కూడా అమ్ముతుంది. సాఫ్ట్‌వేర్ లాంటి ఉత్పత్తుల భద్రత కోసం తెచ్చిన అక్కడి సైబర్ రెసిలియన్స్ చట్టం 2024 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది, ముఖ్యమైన బాధ్యతలు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. వ్యాపారం లేకుండా ఓపెన్ సోర్స్ ఇచ్చేవారిని ఆ చట్టం వదిలేస్తుంది. డబ్బుకు అమ్మితే మాత్రం తయారీదారు కిందే లెక్క. అంటే ఈ ఒప్పందం నన్ను అభిరుచి కొద్దీ కోడు రాసే మనిషి నుంచి తయారీదారుగా మార్చేసింది. లాయరు ఆ ముక్క చెప్పిన రోజు వెనక్కి తగ్గుదామా అనిపించింది. అప్పటికే చేతి నుంచి పోయిన డబ్బు తగ్గనివ్వలేదు.

2024 సెప్టెంబరు చివర్లో సంతకాలయ్యాయి. ఇన్‌వాయిస్ అందిన 90 రోజులకు చెల్లిస్తారు. ఆ తొంభై మొదలయ్యింది మాత్రం ఇన్‌వాయిస్ మీద కొనుగోలు ఉత్తర్వు సంఖ్య లేదని ఒకసారి తిప్పి పంపాక. మొదటి ఏడాది రుసుము నా ఉద్యోగంలో మూడు నెలల జీతానికి కాస్త ఎక్కువ. లాయరు, ప్రోగ్రామర్, సంస్థ నమోదు, బీమా పోను మిగిలినది మూడు వారాల జీతమంత. రెండో ఏడాది ఆ ఖర్చుల్లో చాలావరకు ఉండవు, లెక్క అప్పుడు బాగుంటుందని లాయరు ఓదార్చారు.

మిగిలినదాంట్లో సగం సంతకం చేసినవారికి సమానంగా పంచాను. వరుసల లెక్కన పంచాలని కొందరన్నారు. ఒక్క వరుస మార్పు కోసం వారం రోజులు తలబద్దలు కొట్టుకున్న మనిషి ఉన్నారు, ఐదు వందల వరుసలు ఏదో సాధనంతో పుట్టించి పంపినవారూ ఉన్నారు. చిన్న మొత్తాలు దేశాలు దాటేసరికి బదిలీ రుసుములు కొరికేశాయి, ఇద్దరికి అందినదానికంటే పోయినదే ఎక్కువ. కొందరు తమ భాగం వద్దన్నారు. చనిపోయినాయన భార్య తీసుకున్నారు.

సంతకం చేయనాయన ఇప్పుడు నాతో పాటు కోడు చేర్చే అధికారం ఉన్న రెండో మనిషి. తన ప్రతి ప్యాచ్ సందేశంలోనూ జీపీఎల్ కింద మాత్రమే అని ఒక వరుస రాస్తారు. అందువల్ల ఆయన పని ఉచిత వెర్షన్‌లోకి వెళ్తుంది, అమ్మే వెర్షన్‌లోకి వెళ్లదు. ఈ ఏడాది వేసవికల్లా ఆయన భాగం చాలా మెరుగైంది, శీర్షిక గడులే కాక పేజీ దాటి కొనసాగే పట్టికలను కూడా కలుపుతోంది. కంపెనీ ఇంజనీరు రెండింటినీ పక్కపక్కన నడిపి చూసి, డబ్బు కట్టేవాళ్లకు తక్కువ రకం, కట్టనివాళ్లకు మేలు రకం ఇస్తున్నారేమిటని రాశారు. ఉన్న సంగతి చెప్పాను. ఆ భాగం కావాలంటే మీరు కూడా అందరితో పాటు జీపీఎల్ కింద తీసుకోవచ్చు, పట్టికలు చదివే పనిని విడి ప్రోగ్రాముగా చేసి, దాని సోర్స్ ఇస్తే మిగతా ప్రోగ్రాముతో పేచీ ఉండకపోవచ్చు, మీ న్యాయ విభాగాన్ని అడగండి అన్నాను. ఒప్పందం పొడిగింపు గడువు దగ్గర పడుతోంది. వాళ్లు అడిగారట, జవాబు ఇంకా రాలేదు.